'జల్సాఘర్' చిత్రంలో జమీందారీ వైభవం – ఒంటరితనం: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

'జల్సా' అనే మాటకు అరబ్బీ మూలంలో కూర్చోవడం అని, నలుగురు కూడి కూర్చున్న సభ అని అర్థం. ఉర్దూ ద్వారా ఉత్తర భారత సంగీత ప్రపంచంలోకి వచ్చాక ఆ మాట గానసభను సూచించింది. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి సభ అనే భావం తొలగి, విలాసం అనే భావమే మిగిలింది. 'జల్సారాయుడు' అన్నప్పుడు వినేవారికి తోచేది ఖర్చుకు వెనుదీయని మనిషే గాని, పదిమంది నడుమ కూర్చున్న మనిషి కాదు. ఒక మాట ప్రయాణంలో వచ్చిన ఈ మార్పు ఒక సామాజిక వర్గం చరిత్రకు కూడా సరిపోతుంది. పదిమందిని కూడగట్టగలిగిన వర్గం క్రమంగా విలాసం తప్ప మరేమీ మిగలని స్థితికి, చివరకు ఆ విలాసానికి సాక్షులు కూడా లేని స్థితికి చేరుకొంది. సత్యజిత్ రాయ్ 1958లో రూపొందించిన బెంగాలీ చిత్రం 'జల్సాఘర్' ఈ పరిణామాన్ని ఒకే ఇంటిలో, ఒకే మనిషిలో చూపింది.

ఈ చిత్రాన్ని అంతరించిపోతున్న ప్రభువర్గానికి అర్పించిన విషాదగీతంగా చూసేవారు ఉన్నారు. ఒక అహంకారి పతనగాథగా చూసేవారూ ఉన్నారు. రెండు పఠనాలూ కథానాయకుడి ఒంటరితనాన్ని అతడి స్వభావంలోనే వెతుకుతాయి. ఆ ఒంటరితనానికి వ్యక్తిస్వభావం కంటే లోతైన మూలం ఉన్నదని, 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం సృష్టించిన జమీందారీ స్థితిలోనే అది ఇమిడి ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. చిత్రంలోని మూడు సంగీత సభలను ప్రధాన ఆధారంగా తీసుకొని, బెంగాల్ భూచరిత్రతోను, అదే శాసన విధానం అమలైన ఉత్తర సర్కార్ల అనుభవంతోను పోల్చి పరిశీలించడం ఇందులో అనుసరించిన పద్ధతి.

కథ నుంచి చిత్రానికి

చిత్రానికి మూలం తారాశంకర్ బందోపాధ్యాయ 1930లలో రచించిన కథ. తారాశంకర్ 1898లో బీర్‌భూమ్ జిల్లా లాభ్‌పూర్‌లో చిన్న జమీందారీ కుటుంబంలో జన్మించాడు. శాసనోల్లంఘన ఉద్యమంలో పాల్గొని 1930లో జైలుకు వెళ్ళాడు. తాను పుట్టిన వర్గం కూలిపోతుండగా లోపలి నుంచి చూసినవాడు, ఆ కూలిపోవడం న్యాయమేనని ఎరిగినవాడు. అతడి రచనల్లోని జమీందార్ల పట్ల మమకారం, విమర్శ కలిసే ఉండటానికి ఈ జీవితానుభవమే కారణం.

రాయ్ ఈ కథను ఎంచుకోవడానికి వ్యాపార కారణం ఉంది. 1956లో విడుదలైన 'అపరాజితో' 1957లో వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందినా, బెంగాల్ ప్రేక్షకులను ఆకట్టుకోలేకపోయింది. సంగీతానికి, నృత్యానికి చోటున్న కథ అయితే జనం ఆదరిస్తారని రాయ్ భావించాడు. కాని చేతికొచ్చిన చిత్రంలో పాటలు వినోదం కోసం నిలిచిన విరామాలు కాలేదు. ప్రతి సభా కథను ఒక మెట్టు కిందికి దించే సంఘటన అయింది.

చిత్రీకరణ స్థలానికీ చరిత్ర ఉంది. ముర్షిదాబాద్ జిల్లా నిమ్‌తితాలో పద్మానది ఒడ్డున ఉన్న చౌధురీల రాజభవనాన్ని రాయ్ ఎంచుకొన్నాడు. ఆ వంశానికి చెందిన ఉపేంద్రనారాయణ చౌధురీయే తన కథానాయకుడికి ప్రేరణ అని తారాశంకర్ తరువాత చెప్పడంతో ఈ ఎంపిక కాకతాళీయమైన చారిత్రక సాక్ష్యమైంది. పద్మ కోతకు భూములు పోగొట్టుకొన్న భవనమది. 1947 తరువాత ఆ నది అవతలి ఒడ్డు వేరే దేశం. భవనంలోని అసలు సంగీత మందిరం చిత్రానికి సరిపడేంత విశాలంగా లేకపోవడంతో కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త ఆ గదిని కలకత్తా స్టూడియోలో నిర్మించాడు. వెలుపలి శిథిలం నిజమైనది, లోపలి వైభవం కల్పించినది. చిత్రం చెప్పదలచినదానికి ఈ విభజన ఎంతగానో నప్పింది.

పాలన పోయి ప్రదర్శన మిగిలిన వర్గం

బిశ్వంభర్ రాయ్ అనే కథానాయకుడు ఏ పనీ చేయడు. మేడమీద కుర్చీలో కూర్చొని నది వైపు చూస్తుంటాడు. ఇది ఏ నెల అని నౌకరును అడుగుతాడు. చిత్రం మొదట్లోనే వచ్చే ఈ ప్రశ్నను వృద్ధాప్యపు మతిమరుపుగా తీసుకోవచ్చు. కాని జమీందారీ వ్యవస్థకు పంచాంగం ఎంత ముఖ్యమో గుర్తు చేసుకొంటే ఆ ప్రశ్నకు మరో అర్థం వస్తుంది.

కార్న్‌వాలిస్ 1793లో ప్రకటించిన శాశ్వత శిస్తు నిర్ణయం ప్రకారం ప్రభుత్వానికి చెల్లించవలసిన శిస్తు శాశ్వతంగా ఖాయమైంది. వసూలయ్యే కౌలులో సుమారు పదకొండింట పది వంతులు కంపెనీకి, ఒక వంతు జమీందారుకు అన్న లెక్కపై ఆ ఏర్పాటు నిలిచింది. గడువు రోజున సూర్యాస్తమయం లోపు సొమ్ము చెల్లించకపోతే ఎస్టేటు వేలానికి వచ్చేది. ప్రజలు దీనిని సూర్యాస్తమయ చట్టమని పిలిచారు. తొలి దశాబ్దాలలో ఈ నిబంధన కింద బెంగాల్‌లోని పాత ఎస్టేటులు అనేకం చేతులు మారాయి. వాటిని కొన్నవారిలో కలకత్తా వర్తకులు, కచేరీ ఉద్యోగులు, జమీందార్ల వద్దనే పనిచేసిన గుమాస్తాలు ఉన్నారు. తేదీ తెలియని జమీందారు అంటే ఆస్తి ఇప్పటికే చేజారినవాడని అర్థం. ఏ నెలో తెలుసుకోవలసిన అవసరమే అతడికి లేకుండా పోయింది.

శిస్తు నిర్ణయంతో పాటు మరొక మార్పు జరిగింది. మొగలుల కాలంలో జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమే కాదు. అతడికి సొంత బలగం ఉండేది. ఠాణాల నిర్వహణ అతడిదే. స్థానిక తగవులు అతడి ముందుకే వచ్చేవి. కంపెనీ ప్రభుత్వం ఆ బలగాలను రద్దు చేసింది. పోలీసు అధికారాన్ని దారోగాలకు, న్యాయాధికారాన్ని జిల్లా కోర్టులకు మార్చింది. 1793 తరువాతి జమీందారుకు భూమి మీద హక్కు మిగిలింది గాని, మనుషుల మీద పాలన మిగలలేదు. 1819 నాటి నిబంధన పత్నీ కౌళ్ళకు చట్టబద్ధత కల్పించడంతో జమీందారుకు, సేద్యం చేసే రైతుకు నడుమ మధ్యవర్తుల అంతస్తులు పెరిగాయి. తన భూమిని దున్నే మనిషి ముఖం చూడవలసిన అవసరం కూడా అతడికి తప్పింది.

ఇలా కర్తవ్యం లేని హోదా ఏర్పడింది. పాలించని ప్రభువు తాను ప్రభువునని ఎలా రుజువు చేసుకోవాలి? పెళ్ళి, ఉపనయనం, పూజ, సంగీత సభ అనే నాలుగు సందర్భాలే అందుకు మిగిలాయి. ఆ సందర్భాలలో పెట్టే ఖర్చే హోదాకు కొలమానమైంది. ఈ దృష్టితో చూస్తే బిశ్వంభర్ ఖర్చు అతడి దుర్గుణంగా కనిపించదు. అతడి వర్గానికి చరిత్ర మిగిల్చిన ఏకైక వృత్తిగా కనిపిస్తుంది. అయితే ప్రదర్శనకు ఒక షరతు ఉంది. చూసేవాడు ఉండాలి. పాలనకు విధేయత చాలు, ప్రదర్శనకు మెప్పు కావాలి. వైభవంలోనే ఒంటరితనపు బీజం ఉన్నదనడానికి ఆధారం ఇక్కడే దొరుకుతుంది.

మూడు సభలు, తగ్గుతున్న సాక్షులు

చిత్రంలోని మూడు సంగీత సభలను వరుసగా పరిశీలిస్తే ప్రతిసారీ ఖర్చు తగ్గదు, సాక్షులు మాత్రమే తగ్గుతారు.

మొదటి సభ కొడుకు ఉపనయన సందర్భంగా జరుగుతుంది. గది నిండా అతిథులు. పైన స్ఫటికపు దీపగుచ్ఛం. గోడల మీద పూర్వీకుల చిత్తరువులు. ఆ సభలో గాయనిగా కనిపించేది బేగం అఖ్తర్. ఆమె ఠుమ్రీ పాడుతుండగా బిశ్వంభర్ ముఖంలో తన్మయత్వం నిజమైనది. ఛబీ బిశ్వాస్ అభినయంలో అహంకారం, రసికత వేర్వేరుగా కనబడవు. ఆ వేడుకకు డబ్బు నగల తాకట్టు మీద వచ్చిందని ప్రేక్షకుడికి తెలుసు. అయినా ఆ రాత్రి ఇంట్లో భార్య ఉంది, కొడుకు ఉన్నాడు, ఆహ్వానాన్ని గౌరవంగా భావించిన ఊరి పెద్దలు ఉన్నారు. జల్సా అనే మాటకు మూలార్థం ఇంకా మిగిలి ఉన్న సభ ఇది.

రెండవ సభ బెంగాలీ సంవత్సరాది నాటిది. దానికి కారణం పండుగ కాదు, పోటీ. వడ్డీ వ్యాపారి కొడుకు, కొత్తగా ధనవంతుడైన మహిమ్ గంగూలీ అదే రోజు తన ఇంటికి ఆహ్వానించడానికి రాగా, బిశ్వంభర్ అప్పటికప్పుడు తన ఇంట్లో సభ ఉన్నదని ప్రకటిస్తాడు. పుట్టింటికి వెళ్ళిన భార్యాబిడ్డలను వెంటనే రమ్మని కబురు పంపుతాడు. సభ మొదలవుతుంది. గాయకుడు వర్షరాగమైన మియాఁ కీ మల్హార్‌లో ఖయాల్ పాడుతుండగా వెలుపల నిజమైన తుఫాను లేస్తుంది. దీపగుచ్ఛం ఊగుతుంది. పాత్రలోని పానీయంలో పడిన పురుగు కొట్టుకొంటూ కనిపిస్తుంది. బిశ్వంభర్ అది చూసి సభ మధ్యలోనే లేచిపోతాడు. పడవ మునిగింది. కొడుకు శవమై తిరిగివచ్చాడు.

ఈ ఘట్టాన్ని విధివిలాసంగా చూపడం తేలిక. రాయ్ ఆ పని చేయలేదు. తుఫాను ప్రకృతి సంఘటనే అయినా, భార్యాబిడ్డలు ఆ రోజు నది మీద ఉండటం మాత్రం బిశ్వంభర్ నిర్ణయం. అతడికి వారు కుటుంబంగా కంటే ముందు సభకు అవసరమైన సాక్షులుగా కావలసివచ్చారు. ప్రదర్శన కోసం పిలిచిన సాక్షులనే ప్రదర్శన బలి తీసుకొంది. చిత్రంలో వైభవం, ఒంటరితనం ఒకదానికొకటి ఎదురుగా నిలిచే భావాలు కాకుండా కార్యకారణాలుగా మారేది ఈ క్షణంలోనే.

మూడవ సభకు ముందు నాలుగేళ్ళ మౌనం ఉంది. గది మూతపడింది. సామాను వేలానికి పోయింది. ఇంట్లో మిగిలినవారు నౌకరు అనంత, దివాను తారాప్రసన్న, తూఫాన్ అనే గుర్రం, మోతీ అనే ఏనుగు. గంగూలీ తన కొత్త ఇంట్లో నృత్యసభ ఏర్పాటు చేసి మళ్ళీ ఆహ్వానించడంతో బిశ్వంభర్ పట్టుదల తిరిగి లేస్తుంది. మిగిలిన చివరి సొమ్ముతో సంగీత మందిరం తలుపులు తెరిపిస్తాడు. దుమ్ము పట్టిన నిలువుటద్దంలో తన ముఖాన్ని చూసి, దాన్ని తాకి, గడచిన కాలాన్ని అప్పుడే గ్రహిస్తాడు. అతడిని అంత దగ్గరగా చూసిన మొదటి సాక్షి ఆ అద్దమే.

రోషన్ కుమారి కథక్ నృత్యం ముగిసిన వెంటనే గంగూలీ బహుమతి ఇవ్వబోతాడు. బిశ్వంభర్ తన చేతికర్ర వంకీతో అతడి చేతిని అడ్డుకొంటాడు. తొలి బహుమతి ఇచ్చే హక్కు సభ చేసిన గృహస్థుడిది. ఉన్నదంతా నర్తకికి సమర్పించి అతడు గెలుస్తాడు. ఈ విజయం నిజమైనదే. కాని దానిని గుర్తించినవాడు ప్రత్యర్థి ఒక్కడే. మొదటి సభలో సాక్షులు బంధువులు, రెండవ సభలో అతిథులు, మూడవ సభలో పోటీదారు. ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక బిశ్వంభర్ మద్యపాత్ర ఎత్తి గోడ మీది పూర్వీకులను పేరుపేరునా సంభావిస్తాడు. సాక్షులు చివరకు చిత్తరువులయ్యారు. తన చిత్తరువు మీద సాలీడు పాకుతుంది. కొవ్వొత్తులు ఒకదాని తరువాత ఒకటి ఆరిపోతుంటే అతడు భయపడతాడు. ఆరిపోతున్నవి దీపాలు కావు, తెల్లవారిందని నౌకరు కిటికీ తెర తొలగించి చూపవలసివస్తుంది. సూర్యాస్తమయ చట్టం పుట్టించిన వర్గపు ప్రతినిధి సూర్యోదయాన్ని గుర్తించలేకపోవడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి అది గాఢంగా తోస్తుంది.

అంతఃపురపు ఒంటరితనం

బిశ్వంభర్ ఒంటరితనాన్ని చర్చించే విమర్శలో అతడి భార్య మహామాయ ఒంటరితనానికి తగినంత చోటు దక్కలేదు. సంగీత మందిరంలో ఆమెకు స్థానం లేదు. అక్కడి పాట గోడల మీదుగా ఆమె గదికి వినవస్తుంది. సభ ముగిశాక మత్తులో వచ్చిన భర్తకు ఖర్చుల సంగతి గుర్తు చేసేది ఆమె. తాకట్టుకు పోయేది ఆమె నగలు. వైభవానికి పెట్టుబడి అంతఃపురం నుంచి వస్తుంది, దాని అనుభవం మాత్రం అంతఃపురానికి చేరదు. భర్త ఒంటరితనం సాక్షులు పోయాక మొదలైతే, ఆమె ఒంటరితనం సాక్షులు నిండుగా ఉన్న రోజుల్లోనే ఉంది. చిత్రం ఆమెకు ఇచ్చిన నిడివి తక్కువ. అయినా ఆమె మాటల్లోని ముందుచూపు ఆ ఇంటి చరిత్రలో లెక్క తెలిసిన ఏకైక మనిషి ఆమేనని స్పష్టం చేస్తుంది. నాలుగేళ్ళ తరువాత 1962లో వచ్చిన హిందీ చిత్రం 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' ఇదే స్థితిలోని జమీందారు భార్యను కథకు కేంద్రంగా నిలిపింది. ఆ పాత్రకు దారి మహామాయ గదిలోనే కనబడుతుంది.

కొవ్వొత్తి, డైనమో

మహిమ్ గంగూలీని ప్రతినాయకుడిగా చిత్రించడానికి అవకాశం ఉన్నా రాయ్ ఆ మార్గం తొక్కలేదు. గంగాపద బోస్ పోషించిన ఆ పాత్ర కొంత హాస్యాస్పదంగా, కొంత జాలిగొలిపేదిగా ఉంటుంది. అతడికి డబ్బు ఉంది, మర్యాదల మీద మోజు ఉంది, పాట మధ్యలో ఎప్పుడు తల ఊపాలో మాత్రం తెలియదు. అతడి ఇంట్లో డైనమో మోగుతుంది, విద్యుద్దీపాలు వెలుగుతాయి. అతడి లారీ దుమ్ము రేపుకొంటూ పోతే, దూరంగా మేస్తున్న బిశ్వంభర్ ఏనుగు ఆ దుమ్ములో కనబడకుండా పోతుంది. ఒక యుగం మరో యుగాన్ని కప్పివేయడాన్ని ఇంతకంటే క్లుప్తంగా చూపడం కష్టం.

చరిత్ర దృష్ట్యా ఈ ఇద్దరి మధ్య దూరం బిశ్వంభర్ అనుకొన్నంత పెద్దది కాదు. శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత వేలాలలో ఎస్టేటులు కొన్నవారిలో వడ్డీ వ్యాపారులు, వర్తకులు ఉన్నారు. రెండు తరాలు గడిచేసరికి వారి వారసులే ప్రాచీన వంశీకులమని చెప్పుకొన్నారు. బిశ్వంభర్ తన ఆధిక్యానికి కారణం రక్తంలోనే ఉన్నదని మత్తులో నౌకరుతో గర్వంగా చెబుతాడు. భూమి మీద ఆధిక్యం రక్తం నుంచి గాక కాగితం నుంచి వచ్చిందని, ఆ కాగితం మీద ముద్ర కంపెనీదని బెంగాల్ భూచరిత్ర చెబుతుంది. గుర్రం మీద నుంచి పడి మరణించేటప్పుడు ఆ రక్తం ఇసుకలో ఇంకిపోవడం ఆ గర్వానికి చిత్రం ఇచ్చిన సమాధానం.

ఉత్తర సర్కార్ల అనుభవం

బెంగాల్‌లో పుట్టిన ఈ శిస్తు విధానాన్ని 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కార్లకు కూడా వర్తింపజేశారు. కోస్తాంధ్రలోని విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి సంస్థానాలు ఈ చట్రంలోకి వచ్చాయి. అందువల్ల బిశ్వంభర్ స్థితి తెలుగు పాఠకుడికి పరాయిది కాదు. అయితే ఇక్కడి అనుభవం ఆ స్థితికి మరో ముగింపు కూడా సాధ్యమేనని తెలియజేస్తుంది.

విజయనగరం చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. పేష్కష్ బకాయిల వివాదం ముదిరి 1794లో పద్మనాభం వద్ద కంపెనీ సేనలతో జరిగిన యుద్ధంలో విజయరామరాజు మరణించాడు. సంస్థానం ఆ తరువాత వారసుడికి దక్కినా, కత్తిపట్టే అధికారం ముగిసింది. 19వ శతాబ్దిలో విజయనగరం పేరు మోగింది సైన్యం వల్ల కాదు, సంగీత సాహిత్యాల వల్ల. పాలన తగ్గినచోట పోషణ పెరిగింది. బెంగాల్ జమీందార్ల ఇళ్ళలో సంగీత మందిరాలు వెలసిన క్రమం కూడా ఇదే.

రెండింటి మధ్య భేదం ఆ పోషణ తీసుకొన్న రూపంలో ఉంది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ బోధించి, తరువాత అధ్యక్షపదవి నిర్వహించాడు. ప్రభువు మెప్పు కోసం పాడే సభ విద్యార్థి నేర్చుకొనే తరగతిగా మారింది. 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి జమీందారీ పోయినా ఆ కళాశాల నిలిచింది. బిశ్వంభర్ పోషణ అతడి గది గడప దాటలేదు. గది మూతపడినప్పుడు అతడి రసికతకు వారసులు లేకపోవడానికి కొడుకు మరణం ఒక్కటే కారణం కాదు. సంగీతాన్ని సంస్థగా గాక సొత్తుగా చూడటం దానికంటే పెద్ద కారణం.

తెలుగు చలనచిత్రం జమీందారీని చూసిన కోణం కూడా ఇక్కడ గమనార్హం. గూడవల్లి రామబ్రహ్మం 1939లో రూపొందించిన 'రైతుబిడ్డ' కోస్తాలో జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమం ఊపందుకొన్న కాలంలో వచ్చి, జమీందార్ల వ్యతిరేకతను ఎదుర్కొంది. ఆ చిత్రం జమీందారును పొలం గట్టు మీద నుంచి చూసింది. 'జల్సాఘర్' పొలాన్ని మేడమీద నుంచి కూడా చూడలేదు.

చిత్రంలో కనిపించని రైతు, మిగిలిన పాట

ఈ లోపం చర్చించదగినది. సభల ఖర్చుకు మూలమైన శిస్తు ఎవరి శ్రమ నుంచి వచ్చిందో చిత్రం చూపదు. రైతు దాదాపు అదృశ్యం. బిశ్వంభర్ పతనానికి నది కోత, అప్పులు, దర్పం కారణాలుగా కనిపిస్తాయి. 1885 నాటి కౌలుదారీ చట్టం నుంచి 1953 నాటి పశ్చిమ బెంగాల్ ఎస్టేటుల స్వాధీన చట్టం వరకు సాగిన రైతు హక్కుల చరిత్ర ఆ ఇంటి గోడల వెలుపలే ఉండిపోయింది. చిత్రం విడుదలయ్యేనాటికి జమీందారీ రద్దు చట్టం వచ్చి ఐదేళ్ళే అయింది. ఆ సమయంలో జమీందారు ఒంటరితనంపై సానుభూతి ఎందుకని ప్రశ్నించడం న్యాయమే.

దీనికి సమాధానం చిత్ర నిర్మాణంలోనే కొంత దొరుకుతుంది. సంగీతం సమకూర్చిన ఉస్తాద్ విలాయత్ ఖాన్ 1928లో తూర్పు బెంగాల్‌లోని గౌరీపూర్‌లో జన్మించాడు. అతడి తండ్రి ఇనాయత్ ఖాన్ ఆ జమీందారుల ఆశ్రయంలోని సితార్ విద్వాంసుడు. అతడి స్వరకల్పనలో ఆ వర్గం పట్ల ఉన్న ఆదరం కొంత ఎక్కువైందని, తాను మరింత తటస్థతను కోరుకొనేవాడినని రాయ్ తరువాత పేర్కొన్నాడు. దర్శకుడి దూరం, సంగీతకారుడి కృతజ్ఞత ఒకే చిత్రంలో పక్కపక్కన వినిపిస్తాయి. ఆ ఘర్షణ చిత్రానికి బలమే అయింది. అన్యాయమైన వ్యవస్థ నిజమైన కళను పోషించిందన్న వాస్తవాన్ని చిత్రం దాచలేదు, దానితో ఆ వ్యవస్థను సమర్థించనూ లేదు.

మొదటి సభలో పాడిన గాయని జీవితం ఈ విషయానికి మరింత స్పష్టత ఇస్తుంది. ఫైజాబాద్‌కు చెందిన అఖ్తరీబాయి మెహ్‌ఫిల్‌లలో, సంస్థానాలలో పాడి పేరు తెచ్చుకొంది. 1945లో న్యాయవాదిని వివాహమాడి కొన్నేళ్ళు పాట మానుకొంది. 1949లో లక్నో ఆకాశవాణి ద్వారా బేగం అఖ్తర్‌గా శ్రోతలకు తిరిగి వినిపించింది. ప్రభువు గదిలో కూర్చున్న కొందరు విన్న పాట రేడియో ద్వారా ముఖాలు తెలియని వేలమందికి చేరింది. 1952లో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమాన్ని ఆరంభించింది. జమీందారు పోయినా పాట పోలేదు. పాటకు కొత్త శ్రోతలు దొరికారు. శ్రోతలను కోల్పోయినది జమీందారు మాత్రమే.

ముగింపు

తెలుగులో ఏకాంతానికి, ఒంటరితనానికి అర్థభేదం ఉంది. ఏకాంతం కోరుకొనేది, ఒంటరితనం వచ్చిపడేది. కొడుకు మరణం తరువాత బిశ్వంభర్ నాలుగేళ్ళు గడిపినది ఏకాంతంగా తోస్తుంది. చివరి రాత్రి చిత్తరువుల ముందు నిలిచినప్పుడు మాత్రం అది ఒంటరితనమని అతడికే తెలుస్తుంది. ఆ ఒంటరితనం కొడుకు మరణంతో మొదలైనది కాదు. పాలనను తొలగించి హోదాను మాత్రమే మిగిల్చిన 1793 నాటి ఏర్పాటులో, రైతు ముఖం చూడనక్కరలేని కౌలు అంతస్తులలో, అంతఃపురాన్ని సభకు వెలుపల నిలిపిన ఆచారంలో దాని వేళ్ళు ఉన్నాయి. ప్రదర్శన తప్ప మరో పని లేని వర్గం సాక్షులపై ఆధారపడక తప్పదు. సాక్షులు ఒక్కొక్కరే తొలగినప్పుడు దాని ఉనికే ప్రశ్నార్థకమవుతుంది.

'జల్సాఘర్' ఆ వర్గానికి కన్నీరు కార్చమని అడగదు, పతనాన్ని చూసి సంతోషించమనీ అడగదు. దీపగుచ్ఛంతో మొదలై దీపగుచ్ఛంతోనే ముగుస్తుంది. మొదట చీకటిలో ఊగిన ఆ దీపాలే చివరకూ చీకటిలో ఊగుతాయి. కింద కూర్చోవడానికి మాత్రం ఎవరూ లేరు. కూడి కూర్చోవడమనే మూలార్థం పోయాక జల్సాలో మిగిలేదేమిటో ఆ ఖాళీ గది తెలియజేస్తుంది.